కేతిగాడికి యజమాని ఎవరు?

తోలుబొమ్మలాటలోని కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు ఇప్పుడు తెర దాటి వేదిక మీదికి వస్తున్నారు. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లో కళాశాల వార్షికోత్సవాల్లోనూ పండుగ ప్రదర్శనల్లోనూ ఔత్సాహిక నటులు ఈ వేషాలు కట్టగా కొన్నిసార్లు చూశాను. బొమ్మలాడించే కుటుంబాల ఊసు మాత్రం వాటిలో వినపడలేదు. అడక్కుండా తీసుకున్నారని వీరిని తప్పుపట్టాలా?

చట్టరీత్యా తప్పులేదు. 1957 నాటి కాపీరైటు చట్టం కర్తనూ కాలపరిమితినీ చూస్తుంది. తరతరాలుగా నోటినుంచి నోటికి వచ్చిన కేతిగాడికి ఈ రెండూ లేవు. తోలుబొమ్మలకు వచ్చిన భౌగోళిక గుర్తింపు కూడా వస్తువుకే గాని పాత్రకు వర్తించదు. అమెరికాలో మపెట్ల బొమ్మల్ని 2004లో డిస్నీ కంపెనీ కొనుక్కుంది. వాటికి యజమాని ఉన్నాడు. మన బొమ్మకు అలాంటి యజమాని కావాలని నేను కోరను. జంగంకథకు కంచె ఉండి ఉంటే 1940లలో ప్రజానాట్యమండలి చేతికి బుర్రకథ వచ్చేదే కాదు. అయితే నాజర్ వంటివారు ఆ రూపాన్ని తీసుకొని దానికి కొత్త పని అప్పగించారు. మన ఔత్సాహికులు ఏ పని అప్పగిస్తున్నారన్నదే అసలు ప్రశ్న.

బొమ్మలాటలో రంగనాథ రామాయణ ద్విపదలు నడుస్తుండగా మధ్యలో ఈ హాస్యపాత్రలు దూరుతాయి. దేవుడి కథ ఆపి ఊరి సంగతి మాట్లాడతాయి. మనిషి నేరుగా అనలేని మాట తోలుబొమ్మ అంటుంది. అన్నవాడు తెరవెనక ఉంటాడు. పెద్దల్ని ఎగతాళి చేసే చనువు అలా దక్కింది. అందులో మోటు బూతూ ఉంది, బంగారక్కను చులకన చేసే మాటలూ ఉన్నాయి. పాతదంతా ప్రజాకళ అని నెత్తిన పెట్టుకోనక్కర లేదు.

నేను చూసిన ప్రదర్శనల్లో జరిగింది తలకిందులు. బంగారక్క మీది బూతు మిగిలింది, పెద్దల మీది ఎగతాళి పోయింది. చందా ఇచ్చినవారు ముందు వరుసలో కూర్చుంటే కేతిగాడు వారికి దండం పెడతాడు! అతని నల్లని ఒళ్లు, బానపొట్ట మాత్రం నవ్వులాటకు సరుకయ్యాయి. కర్ణాటకలో ఈ హాస్యగాడి పేరు కిళ్లేక్యాత. బొమ్మలాడించే కులాన్నీ ఆ పేరుతోనే పిలిచారు. కనుక ఆ ఒంటిమీద వేసిన వెక్కిరింత బొమ్మ దగ్గర ఆగదు, మనుషులకు తగులుతుంది.

ఇదే కోనసీమలో 2011లో రైతులు పంట విరామం ప్రకటించారు. 2022 మేలో జిల్లాకు అంబేద్కర్ పేరు చేర్చడాన్ని వ్యతిరేకిస్తూ అమలాపురంలో ఇళ్లకు నిప్పు పెట్టారు. కేతిగాడు నోరు విప్పవలసినవి ఇలాంటి సంగతులు. కాకినాడ దగ్గరి మాధవపట్నంలో బొమ్మలాట కళాకారుల కుటుంబాలున్నాయి. వేషం కట్టేముందు వారి ఆట ఒక రాత్రి చూడడం, వారిని పిలిచి తగిన పారితోషికం ఇవ్వడం, వేదిక మీద వారి పేరు చెప్పడం ఏ సమాజానికీ భారం కాదు.

చట్టం అడగని బాకీ ఇది. పాత్రను తీసుకున్నవాడు దాని జుట్టూ పొట్టా తీసుకుని నాలుకను వదిలేస్తే, బాకీ తీరకపోగా రెట్టింపవుతుంది.