ఏ ఖండం, ఏ అధ్యాయం, ఎవరి ముద్రణ?

మహారాష్ట్ర సరిహద్దులోని సిరోంచలో ఫోను తెరిచి కాళేశ్వరం గురించి వెతికితే ఒక మాట పదేపదే ఎదురవుతుంది: ఈ క్షేత్రం కథ స్కాంద పురాణంలో ఉంది. ఒకే పానవట్టం మీద యముడికీ శివుడికీ రెండు లింగాలు ఎలా వెలిశాయో, ముక్తేశ్వర లింగం రంధ్రాల్లో పోసిన నీళ్లు గోదావరి, ప్రాణహిత సంగమానికే చేరతాయని ఎందుకు నమ్ముతారో చెప్పే పేజీలకు కొదవ లేదు. ఖండం పేరు, అధ్యాయం సంఖ్య చెప్పేవి మాత్రం అరుదు. ఒకరు రాసిన వాక్యాన్ని తొమ్మిదిమంది అచ్చుతప్పులతో సహా ఎత్తి పెట్టుకుంటే పది సాక్ష్యాలు కావు, మిగిలేది ఒక్కటే.

స్కాందం పేరు వినగానే మరింత నిదానించాలి. సంప్రదాయం దానికి 81,000 శ్లోకాలు చెబుతుంది. బొంబాయి వేంకటేశ్వర ముద్రణాలయం దాన్ని ఏడు ఖండాలుగా అచ్చువేసింది. దేశంలో ఎన్నో క్షేత్ర మాహాత్మ్యాలు ఆ పురాణంలోనివిగా చెప్పుకుంటాయి. వాటిలో ఈ అచ్చులో కనిపించనివీ ఉన్నాయి. ఇదిలా ఉండగా నేపాల్లో క్రీ.శ. 810 నాటి తాళపత్ర ప్రతి ఒకటి బయటపడింది. పేరు స్కాంద పురాణమే, గ్రంథం వేరు. కృష్ణప్రసాద భట్టరాయి 1988లో దాన్ని కాఠ్మండులో ప్రచురించారు. కాబట్టి ‘స్కాందంలో ఉంది’ అన్నవారిని ఏ స్కాందం అని అడగడం అపచారం కాదు. అచ్చులో దొరకనంత మాత్రాన మాహాత్మ్యం విలువా పోదు. ఈ ఒడ్డున జనం దేవుణ్ణి ఎలా తలచుకున్నారో చెప్పడానికి దాన్ని మించిన ఆధారం లేదు. ఎప్పటి పాఠమో తేల్చుకోకుండా వ్యాసుడి పేరు మీద వేయడమే పొరపాటు.

ఈ పనికి సరిహద్దు తెలుగువాడికి ఉన్న వీలు హైదరాబాదువాడికి కూడా లేదని నా అభిప్రాయం. ఇక్కడ చాలామంది పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. గుడి దగ్గర అమ్మే స్థలపురాణం పుస్తకంలో మాట చదివితే అర్థమవుతుంది. బొంబాయి అచ్చులోని దేవనాగరి కళ్లకు అలవాటే. తెలుగు లిపి పట్టుబడనివారికి పక్కన ఒక పెద్దవారు కూర్చుని చదివిపెడితే చాలు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పాత ముద్రణల స్కాన్లు ఉచితంగా దొరుకుతాయి. స్కాను తెరవగానే శ్లోకం కోసం పరుగెత్తకుండా ముందు ముఖపత్రం చూడాలి: పరిష్కర్త ఎవరు, ఏ ఏట అచ్చయింది? తరవాత పీఠిక: ఎన్ని ప్రతులు, ఎక్కడివి? ఆపైన పుట అడుగున పాఠాంతరాలు.

ఆ అడుగు భాగం ఎంత ముఖ్యమో తెలియాలంటే పుణె భండార్కర్ సంస్థ మహాభారతం చూడాలి. 1919లో మొదలై 1966లో ముగిసిన ఆ పనిలో 1,259 ప్రతులు పోల్చారు. వ్యాసుడు చెబుతుంటే వినాయకుడు రాశాడన్న కథ మనకు ఉగ్గుపాలతో వచ్చింది. ఆదిపర్వంలో పరిష్కర్తలు దాన్ని మూలంలో ఉంచలేదు, అనుబంధానికి చేర్చారు. పారేయలేదు, ఎక్కడుండాలో అక్కడ పెట్టారు. వెబ్‌లో తిరిగే భండార్కర్ పాఠాల్లో సాధారణంగా మూలమే ఉంటుంది, అనుబంధాలూ పాఠాంతరాలూ ఉండవు. అది మాత్రమే చూసి వినాయకుడి కథ ఏ ప్రతిలోనూ లేదని రాస్తే తప్పే.

పురాణం చెప్పని కాలం శాసనం చెబుతుంది. గుంటూరు సీమలో మల్కాపురం శాసనం 1261 నాటిది, రుద్రమదేవి కాలంది. శైవగురువు విశ్వేశ్వర శంభువు కాళీశ్వరంలో, అంటే మన కాళేశ్వరంలో, ఉపలమఠం స్థాపించాడని అందులో ఉంది. దక్షిణ భారత శాసనాల 10వ సంపుటంలో దాని పాఠం చూడవచ్చు. ఎనిమిదొందల ఏళ్లకు కాస్త తక్కువ వయసున్న ఈ ఒక్క మాట, యుగాల లెక్కలు చెప్పే వీడియోలన్నిటికన్నా నాకు బరువుగా తోస్తుంది.

ఆధారాలు రెండూ మంచివైనా ఒక్కోసారి మాట కలవదు. గురుడు వృశ్చికంలోకి వచ్చిన 2018లో మనవాళ్లు భీమా నదికి పుష్కరాలు చేస్తే, తమిళులు తామ్రపర్ణికి చేశారు. అక్కడ ఎవరిది తప్పని వెతకడం వృథా. ఏ ప్రాంతపు సంప్రదాయం ఏ నదిని చెబుతోందో రాసుకోవాలి. 2022 ఏప్రిల్‌లో సిరోంచ ఒడ్డున ప్రాణహితకూ, 2025 మేలో అవతలి గట్టున అంతర్వాహిని సరస్వతికీ పుష్కరాలు జరిగాయి. సరస్వతి ఇక్కడ అంతర్వాహిని అన్న మాట మొదట ఏ గ్రంథంలో, ఏ ప్రతిలో కనబడుతుందన్నది రెండు లిపులూ వచ్చిన సిరోంచ విద్యార్థి ఎవరైనా పట్టుకుని వెతకదగ్గ ప్రశ్న.