దంతపతనము వార్ధక్య ధర్మమా? : ఒక పరిశోధనపై విమర్శ

వయసు మీరినకొలది వెండ్రుకలు నెరయుట, చూపు మందగించుట ఎట్లో, దంతములు కదలి ఊడుటయు అట్లే అని లోకులు తలచుచుందురు. ఈ అభిప్రాయమును పరీక్షించుటకు పనికివచ్చు పరిశోధనలలో, హారల్డ్ లోయె అను నార్వే శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును 1986లో ప్రకటించినది ముఖ్యమైనది. మానవులలో దంతాధార వ్యాధి యొక్క 'సహజ చరిత్ర' అని వారు దానికి పేరిడిరి. దాని గుణదోషములను విచారించుట ఈ వ్యాసోద్దేశము.

మొదట ఆరోగ్యవంతమైన దంతము ఎట్లు నిలిచియుండునో చూతము. దంతమూలము దవడ ఎముకలోని గూటియందు ఇమిడియుండును. మూలముపై సిమెంటము అను పలుచని గట్టి పొర కలదు. సిమెంటమునకును గూటి ఎముకకును నడుమ సన్నని తంతువులు ఇరువైపుల నాటుకొని దంతమును పట్టియుంచును. ఎముకలో రక్తనాళములు గలవు. పాత ఎముకను కరగించు కణములును, క్రొత్త ఎముకను కట్టు కణములును అందు నిత్యము పనిచేయుచుండును. సిమెంటములో రక్తనాళములు లేవు. అది సులభముగా కరగదు. పైపెచ్చు జీవితాంతము పొరమీద పొరగా పెరుగుచుండును. 1958లో జాండర్, హర్జెలర్ అనువారు కొలిచి చూడగా, 11 ఏండ్ల వయసుకంటె 76 ఏండ్ల వయసున దాని మందము సుమారు మూడు రెట్లున్నట్లు తేలినది. వంకర పండ్లను తీగలతో సరిచేయుట ఈ భేదమువలననే సాధ్యమగుచున్నది. ఒత్తిడి కలిగినవైపు ఎముక కరగును. లాగబడినవైపు క్రొత్త ఎముక పుట్టును. సిమెంటము చాలవరకు చెక్కుచెదరదు.

వ్యాధిలో జరుగునది వేరు. పాచి పేరుకొన్నచో చిగురు వాచును. వాపు లోనికి ప్రాకినప్పుడు తంతువులు సిమెంటమునుండి తెగును, ఎముక అంచు కరగి దిగిపోవును, బయటపడిన సిమెంటముపై గార పట్టును. ఎనామిలు, సిమెంటము కలియు గీతకు ఎముక అంచు ఆరోగ్యమున ఒకటి రెండు మిల్లీమీటర్లు దిగువనుండును. ఆ గీతనుండి తంతువుల పట్టు ఎంత లోతుకు పోయినదో సన్నని కొలకడ్డీతో చూచుటయే ఈ పరిశోధకుల పద్ధతి. దానిని 'పట్టు నష్టము' అందము.

వారు 1970 నుండి 1985 వరకు, శ్రీలంకలోని రెండు తేయాకు తోటలలో పనిచేయు 480 మంది పురుషులను పలుమార్లు పరీక్షించిరి. ఆ శ్రామికులకు వాడుకలోనున్న దంతధావన పద్ధతులు లేవు. అందరి పండ్లపైనను పాచి, గార మెండు. చిగురువాపు లేనివారు దాదాపు లేరు. పుచ్చుపండ్లు మాత్రము బహు తక్కువ. కావున ఊడిన పండ్లన్నియు ఇంచుమించు దంతాధార వ్యాధివలన ఊడినవే.

అయినను ఫలితము అందరికి ఒకటి కాలేదు. సుమారు 8 శాతము మందికి 35వ ఏట పట్టు నష్టము 9 మిల్లీమీటర్లు. 45వ ఏటికి పండ్లన్నియు పోయినవి. సుమారు 81 శాతము మందికి 35వ ఏట నష్టము 4 మిల్లీమీటర్లు; 45వ ఏటికి సగటున 7 పండ్లు పోయినవి. తక్కిన 11 శాతము మందికి 35వ ఏట నష్టము ఒక మిల్లీమీటరైన లేదు. వారి పండ్లు దాదాపు ఊడలేదు.

ఈ పరిశోధన ఘనత ఇందే కలదు. అందరిని కలిపి ఒక సగటు చెప్పియున్నచో ఈ మూడు తెగలును మరుగుపడియుండెడివి. ఒకే వయసువారిలో ఒకనికి నోరు బోసిపోవగా, మరియొకనికి పండ్లన్నియు నిలిచినవి. దీనికి కారణము వయసు కాదు.

ఇక లోపములు. 'సహజ చరిత్ర' అను పేరే మొదటి చిక్కు. చికిత్స సోకని వ్యాధి గమనము అని శాస్త్రజ్ఞులకు దాని అర్థము. సామాన్యునకు మాత్రము అది ప్రకృతి ధర్మమని తోచును. సిమెంటము మందమగుట ప్రకృతి. తంతువులు తెగుట రోగము. రెండవది: ఒకే విధమైన పాచిగల నోళ్ళలో ఇంత భేదమేల అను ప్రశ్నకు ఈ విభజన సమాధానము కాదు. పొగత్రాగుట, మధుమేహము ఎముక నష్టమును హెచ్చించునని నేడు తెలియును. కావున పాచి ఒక్కటియే చాలిన కారణము కాదు. మూడవది: పోలికకు తీసికొన్నవారు ఓస్లో నగర విద్యార్థులు, విద్యావంతులు. నలుబదవ ఏడు సమీపించునప్పటికి వారి సగటు నష్టము సుమారు ఒకటిన్నర, శ్రామికులది నాలుగున్నర మిల్లీమీటర్లు. ఈ అంతరమంతయు దంతధావనమువలననే అనుట తొందరపాటు; ఉభయుల ఆహారము, ఆదాయము, వైద్యసౌకర్యము ఒకటి కావు.

మరియొకటి చెప్పక తప్పదు. ఇదే లోయె 1965లో డెన్మార్కులోని ఆర్హుస్ నగరమున 12 మందిచే దంతధావనము మాన్పించి చూచిరి. 10 నుండి 21 దినములలో అందరికిని చిగురువాపు కలిగినది. మరల శుభ్రపరచగా తగ్గినది. అనగా చిగురువాపు నివారణోపాయము 1970 నాటికే తెలిసినది. తేయాకు తోటలకు అది చేరలేదు. 2010లో వారిలో 75 మందిని మరల పరీక్షింపగలిగిరి. ఈ జ్ఞానము వారి నోటి నష్టమునుండి లభించినదని పాఠకుడు మరువరాదు.

ఉపాధ్యాయులు ఈ అంకెలను తరగతిలో చెప్పునప్పుడు రెండు తప్పులు రానీయరాదు. 11 శాతమును చూచి, తోముకొనుట అనవసరమని విద్యార్థి తలచరాదు. తాను ఏ తెగవాడో ముందుగా ఎవరికిని తెలియదు. చిగుళ్ళనుండి రక్తము వచ్చు తాతను చూచి, అది వయసు లక్షణమని ఊరకుండరాదు. కరగిన ఎముక తనంత తాను మరల పెరుగుట అరుదు. కరగకుండ ఆపుట మాత్రము చాలవరకు సాధ్యము.