గంట బతుకు, తరాల కట్టడం

అమెరికన్ ఆటల రూపకర్త జేసన్ రోరర్ 2018లో విడుదల చేసిన 'వన్ అవర్ వన్ లైఫ్' అనేకులు కలిసి ఆడే మనుగడ ఆటల్లో విలక్షణమైనది. ఇందులో నిమిషమంటే ఏడాది. పూర్ణాయుష్షు 60 నిమిషాలు. కొత్తగా చేరినవారు సాధారణంగా మరొకరు నడిపే స్త్రీ పాత్రకు శిశువుగా పుడతారు. ఆ తల్లి పాలిచ్చి సాకకపోతే ఆ బతుకు కొద్ది నిమిషాల్లోనే ముగుస్తుంది. శిశువు మొదట ఒకటి రెండు అక్షరాలు మాత్రమే పలకగలదు. వయసుతోపాటు మాట పొడవూ పెరుగుతుంది.

ఈ జాతి ఆటల్లో చాలావరకు ఆటగాడు పోగుచేసింది అతనిదిగానే మిగులుతుంది. ఇక్కడ తవ్విన బావి, కట్టిన కొలిమి, నాటిన తోట వెనుక వచ్చేవారివి. తిరిగి పుట్టినవాడు మరో ఇంట మరో పేరుతో కన్ను తెరుస్తాడు. ఫలం అనుభవించే అవకాశం లేనిచోట కూడా శ్రమ ఎందుకు రుచిస్తుందన్న ప్రశ్నే ఈ ఆట ఆకర్షణకు మూలం. మృత్యువు గడియారం కట్టి కూర్చున్నప్పుడు, అప్పగించడమే సాధించడమవుతుంది.

సింగపూర్ తూర్పు అంచున ఉన్న పాసిర్ రిస్‌లో ఈ తర్కం గోడలుగా నిలిచి కనిపిస్తుంది. ఒకప్పటి పల్లెల చోట 1980లలో లేచిన ఆ పట్టణానికి 1989లో మెట్రో రైలు చేరింది. అక్కడి ప్రభుత్వ గృహాల లీజు 99 ఏళ్ళు. ఇల్లు కొన్నవారికి కూడా దక్కేది గడువున్న కాలమే.

అయితే ఆటలో ఒక లోపముంది. పుట్టిన శిశువు పాత ఆటగాడే కావచ్చు. ఎన్నో జన్మల నేర్పు అతనికి ముందే ఉంటుంది. తల్లికన్నా బిడ్డకే ఎక్కువ తెలిసిన చోట తరాల వారసత్వమన్న మాట పలచబడుతుంది. విచిత్రంగా, వలస కుటుంబాలకు ఈ లోపమే ఆటను దగ్గర చేస్తుంది. పాసిర్ రిస్‌లో పెరిగే తెలుగు పిల్లలకు ఆ ఊరి నడక తల్లిదండ్రులకన్నా బాగా తెలియవచ్చు. పెద్దలు ఇవ్వగలిగినది అన్నం, పేరు, భాష. సింగపూర్ పాఠశాలల్లో భారతీయ విద్యార్థులు మాతృభాషగా తమిళం, లేదా బెంగాలీ, గుజరాతీ, హిందీ, పంజాబీ, ఉర్దూలలో ఒకటి చదవవచ్చు. ఆ వరుసలో తెలుగు లేదు. 1975లో ఏర్పడిన సింగపూర్ తెలుగు సమాజం వంటి సంస్థలు తోడున్నా, అసలు భారం ఇంటి మాటదే.

రోరర్ ఆటలో మాట వయసుతో దానంతటదే పెరుగుతుంది. ఇంట్లో అలా పెరగదు. ఎవరో ఒకరు కూర్చుని మాట్లాడాలి. ఆట చూపలేకపోయిన శ్రమ అదే.