అరచేతి తీర్పు

ఈ వారం నాకు చిర్రెత్తించింది ఫోన్‌లో కనిపించిన ఒక లేడీస్ స్వెట్టర్ ప్రకటన. ‘వెన్నలాంటి మెత్తదనం’ అట. బొమ్మను తడిమి చూసుకోమంటారా? బట్టను చేత్తో పట్టి చూడందే కొనకూడదని ఇక్కడ ఎన్నిసార్లు మొత్తుకున్నానో మీకు తెలుసు. మళ్లీ అదే రాద్దామని కూర్చున్నాను.

చలికాలం హైదరాబాద్‌లో టిబెటన్లు రోడ్డు పక్కన పెట్టే స్వెట్టర్ల అంగళ్ల దగ్గర కాసేపు నిలబడండి. సరుకు చాలావరకు లూధియానాది, అందులోనూ అక్రిలిక్ పాలే ఎక్కువ. ఆడవాళ్ల కన్ను ముందు రంగు మీద పడుతుంది. వెంటనే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య అంచు నలుపుతారు. నడుం దగ్గరి రిబ్బును లాగి వదిలి, వెనక్కి వచ్చిందో లేదో చూస్తారు. చీర మీదకైతే ముందు గుండీలుండాలి, కుచ్చిళ్ల దగ్గర ఉబ్బకూడదు. బేరం ఆ తర్వాతే.

మా పిన్ని ఊలు అల్లేది. ఆవిడది బిగి చెయ్యి. ఆ స్వెట్టర్ వేసుకుంటే చేతులు సరిగ్గా వంగేవి కావు గానీ, ఏళ్లు గడిచినా మోచేతుల దగ్గర సాగేది కాదు. పక్కింటావిడ అదే ఊలుతో, అదే నంబరు సూదులతో వదులుగా అల్లేది. పట్టుకుంటే ఎంత హాయో! అందరూ ఆవిడ చేతే అల్లించుకునేవారు. సంక్రాంతి దాటేసరికి చంకల కింద ఉండలు కట్టేవి, అంచు కిందికి జారేది. అల్లిక వదులైనా, నూలుకు పురి తక్కువైనా పోగులు కదలడానికి చోటు దొరుకుతుంది. రాపిడికి కొసలు పైకి లేచి చిక్కుపడతాయి. మెత్తదనమూ ఆ వదులు వల్లే, ఉండలూ ఆ వదులు వల్లే. ఒకటి కావాలి, రెండోది వద్దంటే గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టే.

పోనీ, గుచ్చుకునే సంగతైనా చెయ్యి చెబుతుందా? అదీ అనుమానమే. మందం సుమారు 30 మైక్రాన్లు దాటిన ఉన్ని పోగు కొస వంగకుండా చర్మాన్ని పొడుస్తుంది. అలాంటివి నూటికి 5 ఉన్నా చాలు, చాలామందికి దురద మొదలవుతుంది. 19 మైక్రాన్ల మెరినో అయితే వంగిపోతుంది. ఈ తేడా మెడకూ ముంజేతికీ తెలిసినట్టు అరచేతికి తెలియదు. మా పిన్ని కొట్లో ఊలు ఉండ తీసి మెడకు రాసుకుని చూసేది.

కొన్ని కంపెనీలు మైక్రాన్ల అంకె కూడా ఇస్తున్నాయి. అది ఉంటే నేను ముట్టుకోకుండానే కొంటాను. లేకపోతే పిన్ని పద్ధతే, కొట్టువాడు నవ్వినా సరే.