తీర్పుకు ముందే తీర్పు: నేర విచారణల ప్రసారములపై ఒక పరిశీలన

2017 ఏప్రిల్‌లో రాజమహేంద్రవరం కేంద్ర కారాగారము నుండి ఒక నిరుపేద యువకుడు విడుదలై ఇంటికి వెళ్ళాడు. 2007 డిసెంబరులో ఇబ్రహీంపట్నంలో జరిగిన విద్యార్థిని హత్య కేసులో అతనిని 2008లో అరెస్టు చేశారు. 2010లో విజయవాడ న్యాయస్థానము యావజ్జీవ శిక్ష విధించినది. 2017 మార్చి 31న హైకోర్టు అతనిని నిర్దోషిగా ప్రకటించినది. అతడు దోషి కాడని హతురాలి తల్లిదండ్రులే చెబుతూ వచ్చిన సంగతి గమనార్హము. ఈ కేసును తెలుగు ఛానళ్లలో మనమందరము చూశాము. చూచి మనము తెలుసుకొన్నదేమి?

నిజమైన విచారణను వెంబడించి చిత్రించే పద్ధతి విదేశాలలో ఉన్నది. ఫ్రెంచి దర్శకుడు జాఁ-జావియే ద లెస్త్రాద్ 2001లో తీసిన 'మర్డర్ ఆన్ ఎ సండే మార్నింగ్' ఇందుకు ఉదాహరణ. ఫ్లోరిడాలో హత్యానేరము మోపబడిన పదిహేనేండ్ల నల్లజాతి బాలుని కథ ఇది. ప్రత్యక్ష సాక్షి అతనిని గుర్తించాడు. నేరాంగీకార పత్రముపై బాలుని సంతకమూ ఉన్నది. అయినను ప్రభుత్వము నియమించిన న్యాయవాదులు ప్రశ్న వెంట ప్రశ్న వేయగా ఆ రెండును నిలువలేదు. ఫ్రెంచి భాషలో ఈ చిత్రము పేరునకు 'తగిన దోషి' అని అర్థము. పేదవాడు, అండ లేనివాడు ఎంత సులభముగా 'తగిన దోషి' అవుతాడో ఆ పేరే చెబుతున్నది.

అయితే ఈ పద్ధతియు లోపరహితము కాదు. ఇదే దర్శకుని 'ది స్టెయిర్‌కేస్' ధారావాహిక (2004) ముఖ్యముగా ముద్దాయి పక్షమున ఉండి చిత్రించినది. అందలి కథ 2003 నాటి శిక్షతో ముగిసినది. కాని ప్రభుత్వ రక్తపరీక్ష నిపుణుని సాక్ష్యము తప్పుదారి పట్టించినదని తేలుటచే 2011లో న్యాయమూర్తి ఆ శిక్షను రద్దుచేశారు. చివరి భాగము ముగిసినంత మాత్రమున సత్యాన్వేషణ ముగియదు.

మన దేశములో 2018లో సుప్రీంకోర్టు ప్రత్యక్ష ప్రసారములను సూత్రప్రాయముగా అంగీకరించినను, సాక్షుల విచారణ మన ఇండ్లలోని తెరకు రాలేదు. ఆ ఖాళీని మన నేర కార్యక్రమములు నటులతో నింపినవి. వాటికి ఆధారము తరచుగా పోలీసుల కథనమే. అందులో ఎదురు ప్రశ్న లేదు. ముసుగు వేసిన ముద్దాయి కనబడును, అతని మాట వినబడదు. కనుక దోషము కెమెరాది కాదు. ఒక పక్షమునే విని కథ ముగించుటలో ఉన్నది.

విచారణ బహిరంగముగా జరగాలన్న వాదము సరియైనదే. చాటున జరిగే విచారణలో బలహీనునికి రక్షణ తక్కువ. అయితే బహిరంగత అనగా రెండు పక్షములను వినిపించుట. అరెస్టుకు ఇచ్చిన సమయమును నిర్దోషిత్వమునకు కూడా ఇచ్చుట. ఈ కొలతతో కొలిచినప్పుడు మన కార్యక్రమములు తక్కువగానే తూగును.

ఒక మనుష్యుని మాట వినకముందే ధర్మశాస్త్రము అతనికి తీర్పు తీర్చునా అని నీకొదేము మహాసభలో అడిగాడు. జైలు నుండి ఊరికి తిరిగి వచ్చిన వాని ముఖము చూచునప్పుడు, తెర ముందు కూర్చుండి తలలూపిన మనము ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసియున్నది.