అమెరికా సీటు వచ్చినవాని ఉత్తరం

(గస్సాన్ కనఫానీ కథ "గాజా నుండి ఒక ఉత్తరం" - విద్యార్థి ఉద్యమాల వెలుగులో ఒక పరిశీలన)

పాలస్తీనాపై మన భాషలో వచ్చే వ్యాసాలు ఎక్కువగా రెండు తీరుల్లో ఉంటాయి. కొన్ని చరిత్రను వరుసగా చెబుతాయి; కొన్ని దుఃఖాన్ని వెల్లడిస్తాయి. రెండూ అవసరమే. కాని చదువుకొనే యువకుణ్ణి ఎదురుగా నిలబెట్టి, "నీ చదువు ఎవరికి బాకీ?" అని అడిగే రచనలు అరుదు. గస్సాన్ కనఫానీ 1956లో అరబీలో రాసిన చిన్న కథ "గాజా నుండి ఒక ఉత్తరం" అటువంటిది. 2023 అక్టోబరు తర్వాత అనేక దేశాల విశ్వవిద్యాలయాల్లో విద్యార్థులు పాలస్తీనా ప్రజల హక్కుల కోసం గొంతెత్తారు. వారిలో తెలుగు ఇంటిపేర్లు గలవారూ ఉన్నారు. ఆ ఉద్యమంలోని మంచిచెడ్డలను తూచడానికి ఈ పాత కథ నమ్మదగిన తూనికరాయి కాగలదని నా అభిప్రాయం.

ముందుగా రచయితను గురించి రెండు మాటలు. కనఫానీ 1936లో అక్కా నగరంలో జన్మించాడు. 1948లో ఏడు లక్షలకు పైగా పాలస్తీనీయులు ఇల్లూవాకిలీ కోల్పోయి వలస పోయినప్పుడు ఆయన కుటుంబమూ కట్టుబట్టలతో వెళ్ళిపోయింది. డమాస్కస్ విశ్వవిద్యాలయంలో అరబీ సాహిత్యం చదువుతుండగా రాజకీయ సంబంధాల కారణంగా 1955లో ఆయనను చదువు నుండి తొలగించారు. తర్వాత కువైట్ వెళ్ళి ఉపాధ్యాయుడుగా పనిచేశాడు. ఈ కథ రాసేనాటికి ఆయన వయస్సు ఇరవై. అంటే ఇది పండిపోయిన మేధావి యువతకు చేసిన హితబోధ కాదు. విశ్వవిద్యాలయం బయటికి పంపిన ఒక విద్యార్థి తన ఈడువారికి రాసిన ఉత్తరం.

కథ క్లుప్తంగా ఇది. గాజాకు చెందిన ఇద్దరు మిత్రులు. ఎలాగైనా ధనవంతులం కావాలని చిన్ననాడే ఒట్టు పెట్టుకొన్నారు. ముస్తఫా ముందుగా కువైట్ వెళ్ళాడు, అక్కడి నుండి కాలిఫోర్నియా చేరాడు. కథ చెప్పేవాడూ కువైట్‌లో ఉపాధ్యాయ ఉద్యోగం చేస్తూ, తల్లినీ, చనిపోయిన అన్న భార్యనూ, ఆమె నలుగురు పిల్లలనూ పోషిస్తుంటాడు. మిత్రుని సాయంతో అతనికి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సివిల్ ఇంజినీరింగ్ సీటు దొరుకుతుంది. ప్రయాణానికి ముందు సెలవులకు గాజా వస్తాడు. అన్న కూతురు నాదియా, పదమూడేళ్ల పిల్ల, ఆసుపత్రిలో ఉందని తెలిసి, ఆపిల్ పళ్లు కొనుక్కొని చూడబోతాడు. నువ్వు అడిగిన ఎర్ర పంట్లాం కువైట్ నుండి తెచ్చానని, తేకపోయినా, ఊరడింపుగా అబద్ధం చెబుతాడు. ఆ పిల్ల దుప్పటి తొలగించి చూపిస్తుంది. కాలు తొడ దాకా తీసేశారు. బాంబులు పడుతున్నప్పుడు తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ కాపాడుకోవాలని వారిపై పడుకొని కప్పినందుకు పోయిన కాలు అది. బయటికి వచ్చిన యువకుడు తాను అమెరికా రావడం లేదని, నీవే తిరిగి రమ్మని ముస్తఫాకు రాస్తాడు. అదే ఈ ఉత్తరం.

ఈ కథ కోనసీమ పాఠకునికి పరాయిదిగా తోచదు. రాజోలు, మలికిపురం ప్రాంతాల్లో కువైట్ పేరు తెలియని ఇల్లు ఉండదు. ఇంటి పెద్ద గల్ఫ్‌లో పనిచేసి పంపిన డబ్బుతో ఇల్లు లేవడం, అక్కచెల్లెళ్ల పెళ్లిళ్లు జరగడం, ఆ తర్వాతి తరం ఇంజినీరింగ్ చదివి అమెరికా దారి పట్టడం మనం చూస్తూనే ఉన్నాం. ముందు కువైట్, తర్వాత కాలిఫోర్నియా: 1956లో గాజా యువకుడు గీసుకొన్న బాట మన అమలాపురం, కొత్తపేట యువకుల బాట కూడా అయింది. తేడా ఒక్కటే. మనవాడు వెనక్కి తిరిగి చూస్తే గోదావరి పాయలూ కొబ్బరి తోటలూ కనిపిస్తాయి. వానికి ఆసుపత్రి మంచం కనిపించింది.

కథలో విమర్శకులు ఎక్కువగా మెచ్చుకొనేది త్యాగాన్ని. నాకు మాత్రం అందులోని బాకీ లెక్క ముఖ్యమనిపిస్తుంది. ముస్తఫా మిత్రునికి డబ్బు పంపుతూ, అతడు చిన్నబుచ్చుకోకుండా ఉండాలని దానిని అప్పుగా భావించమంటాడు. కథ మొదట్లో ఉన్నది ఈ చిన్న అప్పు. చివరికి వచ్చేసరికి ఇంకొక పెద్ద అప్పు బయటపడుతుంది. తన ప్రాణం సంగతి మరచి చిన్నవారిని కాపాడిన పిల్లకు, చదువుకొని బాగుపడదామనుకొన్న పెద్దవాడు బాకీపడ్డాడు. కనఫానీ ఈ మాటను ఉపన్యాసంగా చెప్పడు. ఆపిల్ పళ్లు, పంట్లాం, దుప్పటి: ఈ మూడు వస్తువులతోనే చెప్పిస్తాడు. ఇరవై ఏళ్ల వయస్సులో ఈ నిగ్రహం సామాన్యమైనది కాదు.

అయితే కథలో లోపాలు లేకపోలేదు. నాదియా ఈ కథకు ప్రాణం. కాని ఆమె పలికేది బహు తక్కువ. ఆమె గాయం యువకుని కళ్లు తెరిపించే సాధనంగా మారిపోతుంది. పాలస్తీనా కోసం పనిచేసే ప్రతి విద్యార్థి సంఘమూ జాగ్రత్తపడవలసిన విషయమిది. గాయపడిన పిల్లల ఫొటోలను గోడలకు అంటించడం సులువు. ఆ పిల్లల పేరు, చదువు, మాట తెలుసుకోవడం కష్టం. యుద్ధం మొదలైన తొలి నెలల్లోనే గాజాలో దాదాపు వెయ్యి మంది పిల్లలు ఒక కాలో రెండు కాళ్లో కోల్పోయారని యునిసెఫ్ తెలిపింది. వెయ్యి మంది నాదియాలు. వారిని లెక్కగానే చూస్తే వారికి జరిగిన అన్యాయానికి మన మరపు కూడా తోడవుతుంది.

రెండవ లోపం పరిష్కారంలో ఉంది. సీటు వదలి వెనక్కి రావడమొక్కటే ధర్మమన్నట్లు కథ ముగుస్తుంది. అందరికీ అది సాధ్యమా? వచ్చి ఏమి చేయాలి? దీనికి కథలో జవాబు లేదు. సీటులో ఉంటూనే బాకీ తీర్చే మార్గం ఉన్నదా అన్న ప్రశ్నకు జవాబు ఇచ్చినవారు నేటి విద్యార్థులే.

మన రాష్ట్రాలకు దగ్గరి ఉదాహరణతో మొదలుపెడదాం. 2023 అక్టోబరులో హైదరాబాదులోని ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో పాలస్తీనాపై విద్యార్థులు తలపెట్టిన సాహిత్య చర్చకు ఆటంకం కలిగింది. అదే రోజుల్లో ఆవరణలో ఒక విద్యార్థినిపై జరిగిన లైంగిక దాడి విషయంలో న్యాయం కోరుతూ పెద్ద ఆందోళన జరిగింది. ఆందోళన చేసినవారిపై పోలీసు కేసు నమోదయింది; ఫిర్యాదులో పాలస్తీనా కార్యక్రమం ప్రస్తావన కూడా చేరింది. అరబీతో సహా ప్రపంచ భాషలను నేర్పే విద్యాలయం అది. అక్కడ పాలస్తీనా సాహిత్యం చదవడం పాఠంలో భాగమే కావాలి, నేరం కాకూడదు. మన దేశం 1974లో పాలస్తీనా విమోచన సంస్థను గుర్తించింది. 1981లో పాలస్తీనా ప్రజలకు సంఘీభావంగా తపాలా బిళ్ల విడుదల చేసింది. 1988లో పాలస్తీనా రాజ్యాన్ని గుర్తించింది. ప్రభుత్వం తపాలా బిళ్లపై అచ్చువేసిన మాటను విద్యార్థి తరగతి గదిలో చర్చిస్తే అది అశాంతి ఎలా అవుతుంది?

రెండవ ఉదాహరణ అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ. 2025 మే 29న అక్కడి స్నాతకోత్సవంలో ఆ సంవత్సరపు పట్టభద్రుల అధ్యక్షురాలు మేఘా వేమూరి భుజాలపై కెఫియా ధరించి ప్రసంగించింది. ముస్తఫాలు కోరుకొనే సీటు ఆమెకు దొరికింది. కంప్యూటర్ సైన్స్, మెదడు శాస్త్రం, భాషాశాస్త్రం చదివింది. పట్టా చేతికి వచ్చే వేళ ఆమె మాట్లాడినది దూరదేశపు శత్రువును గురించి మాత్రమే కాదు. ఇజ్రాయిల్ సైన్యంతో తన సంస్థకు ఉన్న పరిశోధన సంబంధాలను గురించి మాట్లాడింది. ఆ సంబంధాలు తెంచుకోవాలని విద్యార్థులు ఓటు వేసిన సంగతి గుర్తుచేసింది. మేము పట్టాలు అందుకొంటున్న వేళ గాజాలో విశ్వవిద్యాలయమే మిగలలేదని చెప్పింది. మరునాడు జరిగిన పట్టా ప్రదానోత్సవానికి ఆమెను సంస్థ రానివ్వలేదు.

ఈ ప్రసంగాన్ని రచనగా పరిశీలిస్తే దాని బలం ఎక్కడుందో తెలుస్తుంది. దివ్య ఖుర్‌ఆన్ నిసా సూరా 135వ ఆయత్‌లో విశ్వాసులకు ఇచ్చిన ఆదేశం మనకందరికీ తెలిసినదే. సాక్ష్యం తమకు గాని, తల్లిదండ్రులకు గాని, బంధువులకు గాని వ్యతిరేకంగా పోయినా న్యాయం పక్షాన నిలబడాలి. పరాయివానిపై సాక్ష్యం చెప్పడానికి ధైర్యం అంతగా అక్కరలేదు. తన అన్నం పెట్టే చేయిపై సాక్ష్యం చెప్పడమే పరీక్ష. ఆమె తన సంస్థపై చెప్పింది. అందువల్లనే ఆ మాటకు విలువ వచ్చింది, అందువల్లనే శిక్షా వచ్చింది. ఆ మాట పలకడానికి ముస్లిం కానక్కరలేదన్నదీ మన పాఠకులు గమనించవలసిన సంగతి. పాలస్తీనా మన మతస్థుల సమస్య గనుక మాత్రమే మనది అనుకొంటే అది అసబియ్యత్ అవుతుంది. అన్యాయం గనుక మనది అనుకొంటేనే అది ధర్మం.

ఇక ఆమెపై వచ్చిన ఆరోపణ. ముందుగా సమర్పించిన ప్రసంగం ఒకటి, చదివినది మరొకటి అని, నిర్వాహకులను పదేపదే తప్పుదారి పట్టించిందని సంస్థ చెప్పింది. మాట నిలుపుకోవడం మన ధర్మంలో చిన్న విషయం కాదు. ఒప్పందాలను నెరవేర్చండి అన్నది మాయిదా సూరా ప్రారంభంలోనే ఉన్న ఆజ్ఞ. కనుక ఈ ఆరోపణను నవ్వి తోసివేయడం సరికాదు. అయితే తూకంలో రెండో వైపూ చూడాలి. ముందే చూపిస్తే ఏమి జరిగేదో ఊహించడానికి ఒక దృష్టాంతం ఉంది. 2024 ఏప్రిల్‌లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం తన ఉత్తమ పట్టభద్రురాలు అస్నా తబస్సుమ్ ప్రసంగాన్ని, ఆమె నోరు తెరవకముందే, భద్రతా కారణాలు చెప్పి రద్దు చేసింది. సత్యాన్ని వదిలివేస్తేనే వేదిక ఇస్తామనే నిబంధన న్యాయమైన ఒప్పందమా? నా తీర్పు ఇది: మాట తప్పిన దోషం కొంత ఆమెపై ఉంది, ఆ దోషానికి కారణమైన పద్ధతి దోషం అంతకంటె పెద్దది. మేఘా వేమూరి శిక్ష నుండి తప్పించుకోవడానికి తన మాటలను వెనక్కి తీసుకోలేదన్నది కూడా తూకంలో వేయాలి.

ఈ ఉద్యమంలో నేను ఒప్పుకోలేనిది ఒకటి ఉంది. 2023 అక్టోబరు 7న సుమారు 1,200 మంది హతులయ్యారు. వారిలో అధికులు పౌరులు. 251 మందిని బందీలుగా పట్టుకుపోయారు. కొన్ని విద్యార్థి ప్రకటనలు దీనిని ఒక్క మాటతో దాటివేశాయి, కొన్ని సమర్థించాయి కూడా. కనఫానీ విషయంలోనూ ఈ చిక్కు ఉంది. ఆయన ప్రతినిధిగా ఉన్న సంస్థ 1972 మే 30న లోద్ విమానాశ్రయంలో జరిపించిన దాడిలో 26 మంది ప్రయాణికులూ ఇతరులూ ప్రాణాలు కోల్పోయారు. ఆ జూలై 8న బైరూత్‌లో కారులో పెట్టిన బాంబుకు ఆయన బలి అయ్యాడు. ఆయనతోపాటు మేనకోడలు లమీస్ కూడా మరణించింది. లోద్‌లో చనిపోయిన నిరపరాధీ, కారులోని లమీసూ, ఆసుపత్రి మంచంపై నాదియా - ముగ్గురికీ ఒకే న్యాయం వర్తించాలి. ఒక జాతిపై ద్వేషం మిమ్మల్ని న్యాయం తప్పేలా చేయకూడదన్న మాయిదా సూరా 8వ ఆయత్ బోధనకు మినహాయింపు లేదు. దీనిని ఒప్పుకొన్నంత మాత్రాన గాజాలో జరిగిన దాని తీవ్రత తగ్గదు. 2025 జూలై చివరికి మృతుల సంఖ్య 60,000 దాటిందని అక్కడి ఆరోగ్యశాఖ లెక్క చెప్పింది. గాజా ఇస్లామిక్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు సాహిత్యం బోధించిన రిఫాత్ అల్అరీర్ 2023 డిసెంబరు 6న బాంబుదాడిలో మరణించాడు. మన సాక్ష్యం ఒంటి కంటితో ఉంటే ఈ మృతులకు మేలు చేయదు, వారి పక్షాన్ని బలహీనం చేస్తుంది.

చివరగా మన ఇంటి సంగతి. 2025 జూన్‌లో అమెరికా ప్రభుత్వం విద్యార్థి వీసా కోరేవారు తమ సామాజిక మాధ్యమాల ఖాతాలను అందరికీ కనిపించేలా తెరిచి ఉంచాలని ఆదేశించింది. అంతకుముందు మార్చిలో జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయంలో పరిశోధకుడైన భారతీయుడు బదర్ ఖాన్ సూరిని నిర్బంధించి సుమారు రెండు నెలలు ఉంచారు. న్యాయస్థానం ఆదేశంపై మే 14న విడుదలయ్యాడు. ఇవి చూచిన కోనసీమ తండ్రి, తోట తాకట్టు పెట్టి బిడ్డను పంపినవాడు, "ఎందుకురా మనకు, చదువు చూసుకో" అంటే అతనిని పిరికివాడనడం తేలిక. అతని భయం నిజమైనది. తానేమీ పణంగా పెట్టకుండా, పరాయి బిడ్డ వీసాతో పోరాటం చేయించాలని చూసేవారి మాటకు విలువ లేదు.

అలాగని భయం దగ్గరే ఆగిపోతే కథ మనకు ఏమీ నేర్పనట్లే. బాకీ తీర్చే మార్గాలు పలు విధాలు. అమలాపురం, రాజోలు, కొత్తపేట కళాశాలల్లో చదివే మన పిల్లలు ఈ కథను తెలుగులో చేసుకొని, హిందూ, క్రైస్తవ మిత్రులతో కలిసి చదివి చర్చించవచ్చు. దానికి వీసా అక్కరలేదు. ఫోన్‌లో వీడియో పంపి ఊరుకొనేవాడు, ఒక్క గంట కూర్చుని పాలస్తీనా చరిత్రను పుస్తకంలో చదివితే అతని మాటకు బరువు వస్తుంది. అన్నిటికంటె ముఖ్యం, మన సొంత వీధిలో, మన సొంత సంఘంలో, మనవారి చేతిలోనే ఒకరికి అన్యాయం జరిగినప్పుడు నోరు విప్పగలమా అని ప్రతివాడూ తనను తాను ప్రశ్నించుకోవాలి. అక్కడ మూగబోయినవాడు గాజా కోసం ఎంత అరచినా అది సాక్ష్యం కాదు.

కనఫానీ కథలో ముస్తఫా జవాబు లేదు. రచయిత కావాలనే ఆ స్థలం ఖాళీగా వదిలాడు. సీటు దొరికిన ప్రతి విద్యార్థీ, కువైట్ నుండి ఇంటికి డబ్బు పంపే ప్రతి అన్నా, బిడ్డను దూరదేశం పంపిన ప్రతి తండ్రీ ఆ జవాబు తన స్థితిని బట్టి రాసుకోవలసి ఉంది.