అమ్మ రెండు మొక్కులు

మా అమ్మ నారాయణగూడలో రోడ్లు ఊడ్చేది. తెల్లారక ముందే పోయి హాజరు వేయించుకోవాలి. క్రైస్తవ సమాధుల గోడ పక్కన ఊడ్చేటప్పుడు ఎవరికీ వినపడకుండా ఒక యేసుపాట పాడుకునేది. అప్పుడు నేను చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో డీఎస్సీకి చదువుతున్నాను. ఇంట్లో పుస్తకం పరుచుకునే జాగా లేక అశోక్‌నగర్‌లో ఒక గదిలో నలుగురం కలిసి ఉండేవాళ్లం. మా ఇంటి వంశంలో డిగ్రీ పట్టా చూసిన మొదటి మనిషిని నేను.

ఒక ఆదివారం అమ్మ డ్యూటీ దిగి అదే చీరతో చర్చికి వచ్చి వెనక కూర్చుంది. ఆ రోజు ప్రసంగం పని గురించి. ఏ పనైనా మనుషుల కోసం కాక ప్రభువు కోసం చేసినట్టు చేయాలని కొలస్సయులకు రాసిన పత్రికను బట్టి చెప్పారు. పదిహేడో శతాబ్దంలో పారిస్ మఠం వంటింట్లో గిన్నెల మధ్య దేవుని సన్నిధి అనుభవించిన బ్రదర్ లారెన్స్ కథ చెప్పారు. మన చీపురు కూడా ఆరాధనే అన్నారు. అందరితో పాటు అమ్మ కూడా ఆమెన్ అంది.

బయటికొచ్చాక, "ఎట్లుందమ్మా వాక్యం?" అని అడిగిన.

"అయ్యగారు మంచిగనే చెప్పిండు బిడ్డా. నేను దేవుని కోసమే ఊడుస్తున్న అనుకుంట. గని ఈ చీపురు నీ చేతికి రావద్దని గూడ ఆ దేవునికే మొక్కుతున్న."

ప్రసంగంలో అమ్మ మొదటి మొక్కు ఉంది, రెండోది లేదు. నా పేచీ అక్కడే.

ఆ పత్రికను మళ్లీ తీసి చదివాను. ఆ మాట చెప్పింది దాసులకు. ఆ తర్వాత కొద్ది వాక్యాలకే యజమానులు దాసుల పట్ల న్యాయంగా, సమానంగా నడుచుకోవాలని కూడా ఉంది. ఆ వాక్యం మీద ప్రసంగం నేనింతవరకు వినలేదు. ఇక బ్రదర్ లారెన్స్ తన ఇష్టంతో మఠంలో చేరినవాడు. వయసు మీద పడ్డాక ఆయన్ని వంటింటి నుంచి చెప్పులు బాగుచేసే పనికి మార్చారు. చెప్పులు కుట్టినందుకు ఆయన్ని ఎవరూ ఊరి బయట ఉండమనలేదు. మా తాత కూడా చెప్పులే కుట్టాడు. తేడా చెప్పులో లేదు, కులంలో ఉంది. కులమంటే పనిని పంచడం ఒక్కటే కాదు, పనిచేసే మనుషుల్నే విడగొట్టి ఒకరి కింద ఒకరిని పెట్టడమని అంబేద్కర్ 1936లోనే చెప్పారు. పాకీ పనిని గొప్ప సేవగా పొగిడిన గాంధీని ఆయన 1945లో అందుకే అంత గట్టిగా నిలదీశారు. గాంధీకి ఇచ్చిన జవాబు మన పాస్టర్లకు వర్తించదా?

అయితే బైబిల్లో మనకు దొరికేది ఇంతేనా అంటే కాదు. ఒంగోలు మాదిగల చరిత్ర చూడండి. తోళ్ల వ్యాపారం చేసుకునే ఎర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయన వెనక వేలమంది వచ్చారు. 1876-78 కరువులో మిషనరీ జాన్ క్లఫ్ బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకం పని తీసుకొని వాళ్లకు కూలి చూపించాడు. 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ అంకెను మన చర్చిల్లో గర్వంగా చెప్పుకుంటాం. ఆ మాదిగలు పెట్టుకున్న నియమాలు మాత్రం తక్కువ చెప్పుకుంటాం. విగ్రహాలకు మొక్కొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, ఆదివారం పని చేయొద్దు. జాతరలో డప్పు కొట్టమన్నా కొట్టలేదు. ఊరి పెద్దలకు మండింది అక్కడే. వాళ్లు ఏ దేవుణ్ని కొలిస్తే ఊరికేం పోయింది? వెట్టి మనిషి వారంలో ఒక్కరోజు "రాను" అంటే ఊరు ఆగుతుంది. అంటే మన పూర్వీకులకు దేవుడు మొదట పనిలో కనపడలేదు, పని మానుకునే హక్కులో కనపడ్డాడు. ద్వితీయోపదేశకాండంలో విశ్రాంతి దినానికి చెప్పిన కారణం కూడా ఇదే: మీరు ఐగుప్తులో దాసులుగా ఉన్న సంగతి మరవొద్దని. అదే మతంలో పుట్టిన మా అమ్మకు ఆదివారం డ్యూటీ.

జాషువాను కూడా ఇట్లనే చదవాలి. క్రైస్తవ ఇంట పుట్టిన ఆ కవి 1941 నాటి గబ్బిలంలో అరుంధతీ సుతుని మొర కాశీలోని శివునికి పంపించాడు. లోకానికి తిండి పెట్టేవాడికి తిండెందుకు లేదని అడిగాడే గానీ, వాడి చెమటకు పూజ చేసి చేతులు దులుపుకోలేదు. శ్రమను పొగిడే కవిత్వం మనకు కొదవ లేదు. శ్రమ ఫలం ఎవరు తిన్నారని అడిగేదే తక్కువ.

అపొస్తలుల కార్యములలో పేతురు యొప్పేలో దిగింది చర్మకారుడైన సీమోను ఇంట్లో. తోళ్ల వాసన వచ్చే ఆ మిద్దె మీదనే, దేవుడు శుద్ధి చేసినదాన్ని అంటరానిదనొద్దనే దర్శనం ఆయనకు కలిగింది. పేతురు సీమోనుకు తోళ్ల పని గొప్పదని ప్రసంగం చేసినట్టు ఎక్కడా లేదు. అతని ఇంట్లో ఉన్నాడు, అంతే. పని గురించి మాట్లాడేవాళ్లు ముందు చేయాల్సింది అదే.

నేను మాత్రం కడిగిన ముత్యమా? ఉద్యోగమొచ్చిన కొత్తలో "శ్రమయే దైవం" అని బడి గోడ మీద నేనే రాయించాను. చీపురు ఎవరి చేతికి పోతున్నదో చూడలేదు. "నిన్న గూడ నేనే ఊడ్చిన" అని ఆరో తరగతి పిల్ల అన్నరోజు లెక్క చూస్తే, ఊడ్చేవాళ్లంతా మా వాడల పిల్లలే. అప్పట్నుంచి హాజరు పట్టీ వరసన అందరికీ వంతు పెట్టాను. శుక్రవారం వంతు నాది. ఒక తండ్రి బడికొచ్చి, మా బిడ్డతోటి ఊడిపిస్తరా అని గొడవ చేశాడు. ఆయన బిడ్డ చేతిలో అవమానమైన చీపురు మా పిల్లల చేతిలో దైవం ఎట్లయింది? ఆ మాట అంతకు ముందు నన్ను నేనే అడగాల్సింది.

అమ్మ పాడుకున్న పాట అబద్ధం కాదు. ఆ చీకట్లో ఆమెకు దేవుడు తోడున్నాడంటే కాదనడానికి నేనెవర్ని? కానీ ఆ అర్థం ఆమె సొంతం. దాన్ని తీసుకొని ఇంకొకరి చేతికి చీపురు ఇవ్వడానికి ఎవరికీ హక్కు లేదు.

ఇప్పుడు అమ్మ పని మానేసింది. ఆదివారం నాలుగింటికే మెలకువ వస్తుంది. అలవాటు పోలేదు. కాసేపు కూర్చొని ప్రార్థన చేసుకొని మళ్లీ పడుకుంటుంది. ఆ రెండో నిద్రను కూడా నేను ఆరాధనలోనే లెక్కేస్తాను.